తలుపుల్లేని వేడి

సరుకులో లోపముంటే కొనేవాడికి ఒకసారి చెప్పడం ధర్మం. రెండోసారి చెప్పడం నష్టం. నర్సీపట్నంలో ఆటో స్పేర్ల కొట్టు పెట్టిన దగ్గర్నుంచి ఈ లెక్క మీదే బతుకుతున్నాను. నా పేరు దేవరశెట్టి గవరయ్య. బేరింగులు, బ్రేకు లైనర్లు, ఫ్యాన్ బెల్టులు అందరూ అమ్ముతారు. వేడి అమ్మే యోగం మాత్రం గిరిమార్గ రవాణా మండలి వారి దయవల్ల నాకొక్కడికే పట్టింది.

కొండల మీద రోడ్డు లేని ఊళ్ల జనాన్ని ఎక్కించి దించడం ఆ మండలి పని. రోడ్డు వేస్తే సరిపోయేది గానీ, రోడ్డు వేయడం వేరే శాఖ పని. అందుకని రోడ్డు అక్కర్లేని బండి కొన్నారు. ఆరుగురు కూర్చోవచ్చు. లావు టైర్లు, ఇనప గొట్టాల చట్రం, పైన టాపు. రాళ్ల మీదా వాగుల్లోనూ కప్పలా గెంతుకుంటూ పోతుంది. బొడ్డమెట్ట జనం దానికి కప్పబండి అని పేరు పెట్టారు.

దానికి తలుపులు లేవు. తలుపులతో కూడా కంపెనీ వాళ్లు అమ్ముతారు. కానీ ఆ ఏడు ప్రభుత్వం పొదుపు పాటిస్తూ కార్లు కొనకూడదని ఉత్తర్వు ఇచ్చింది. కారంటే ఏమిటని మండలి వారు రాసి అడిగితే, నాలుగు చక్రాలూ తలుపులూ కలిగినది కారు అని పైనుంచి వివరణ వచ్చింది. చక్రాలు తీసేస్తే నడవదు కాబట్టి తలుపులు తీసేసి కొన్నారు. అలా కప్పబండి మండలి రికార్డుల్లో గునపం, పార, తట్టల సరసన 'కొండ పనిముట్టు'గా చేరింది. దాన్ని నడిపే వంతల సన్యాసిదొర కూడా డ్రైవరు కాడు, పనిముట్టు నిర్వాహకుడు.

సన్యాసిదొర కూతురు రాజ్యాన్ని వాగుల అవతల తేనెలపుట్టులో ఇచ్చారు. కిందటేడు పుష్యమాసంలో ఆ పిల్లకి నొప్పులొస్తే తండ్రే కప్పబండి తీసుకెళ్లాడు. అంబులెన్సు తారురోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. తారురోడ్డు ఘాటీ కింద మొదలవుతుంది. దారిలోనే ఆడపిల్ల పుట్టింది. బొడ్డమెట్ట ఆరోగ్య కేంద్రం నర్సు కొర్రా సుభాషిణి తన శాలువా చుట్టింది, సన్యాసిదొర తన చొక్కా విప్పి చుట్టాడు. నాలుగువైపులా గాలి కొట్టే బండిలో ఆసుపత్రి చేరేసరికి బిడ్డ చల్లబడిపోయింది. మళ్లీ వెచ్చబడలేదు.

ఆ తర్వాత సుభాషిణి మండలికి ఒక అర్జీ పెట్టింది. బండి చుట్టూ ఏదైనా మూత వేయించండి, లోపల కాస్త వెచ్చగా ఉండేలా చూడండి అని. ఒక అర్జీలో రెండు కోరికలుంటే ఆఫీసులో రెండు ఫైళ్లవుతాయి. మూత ఫైలు మీద 'తలుపు వంటిది' అని రాసి ఆపేశారు. వెచ్చదనం ఫైలు కదిలింది. కదిలి కదిలి వైశాఖంలో, రోళ్లు పగిలే ఎండలో, హీటర్ల ఎంపిక కమిటీ అయ్యింది. నమూనాలు పట్టుకుని రమ్మని నాకు కబురు వచ్చింది.

కమిటీకి అధ్యక్షుడు మండలి ఈ.ఓ. పరాంకుశం గారు. ఆడిట్ పక్షాన తారకేశ్వరి మేడమ్. ఇంకో సాంకేతిక సభ్యుడున్నాడు, ఆయన చదివింది తాగునీటి పైపులు. పరాంకుశం గారు కాగితం అవసరం లేకుండానే కాగితంలా మాట్లాడగలరు.

"సదరు వాహనమునందు ప్రయాణించు వారికి తగు మోతాదులో ఉష్ణము సమకూర్చుటయే నేటి సమావేశ ఉద్దేశము. సరఫరాదారు తమ నమూనాలను ప్రదర్శించవలెను."

ప్రదర్శించాను. మూడు రకాలున్నాయని చెప్పాను. మొదటిది నీళ్ల హీటరు. ఇంజన్లో కాగిన నీటిని ఒక చిన్న రేడియేటర్లోంచి తిప్పి దాని వెనక ఫ్యాను పెడతారు. ఎలాగూ వృథాగా పోయే వేడే కాబట్టి ఖర్చు తక్కువ, కాకపోతే ఇంజను కాగేదాకా ఓపిక పట్టాలి. రెండోది డీజిలు హీటరు. దానికి సొంత పొయ్యి, సొంత పొగ గొట్టం. ఇంజను ఆగినా అది మండుతుంది. పొగ గొట్టం సరిగ్గా బయటికి పెట్టకపోతే మాత్రం మనుషులే ఆగిపోతారు. మూడోది కరెంటు సీటు. కూర్చున్న మేరకే వెచ్చన, బ్యాటరీని పిండేస్తుంది. ఈ సైజు బండికి నీళ్ల హీటరు పెట్టి, వెనక సీటుకి ఇంకో గొట్టం లాగితే చాలు. అయితే చుట్టూ మూత లేకపోతే మూడూ దండగే, చిల్లుకుండకి నీళ్లు కాచినట్టే అన్నాను.

"తలుపు నేటి అజెండాలో లేదు, శెట్టిగారూ" అన్నారు పరాంకుశం గారు.

ధర్మం అయిపోయింది. కూర్చున్నాను.

కరెంటు సీటు మొదటి దెబ్బకే పోయింది. ఈ.ఓ. గారి సీటుకీ అటెండరు సీటుకీ ఒకే వేడి ఉండటం హోదాకి భంగమని పైపుల సభ్యుడు అభిప్రాయపడ్డాడు. హోదా ప్రకారం వేడి తగ్గించుకుంటూ పోతే చివరి సీటుకి మంచుగడ్డ సరఫరా చేయాల్సి వస్తుందని తేలింది. నీళ్ల హీటరు మీద తారకేశ్వరి మేడమ్ అభ్యంతరం చెప్పారు. ఆవిడ గట్టి మనిషి. కాఫీ కూడా సొంత ఫ్లాస్కులో తెచ్చుకుంటారు. ఇంజను వదిలేసే వేడి వ్యర్థ పదార్థం కిందికి వస్తుందనీ, వ్యర్థ పదార్థాలను వేలం వెయ్యాలే తప్ప శాఖ సొంతానికి వాడుకోకూడదనీ ఆవిడ నిబంధన చదివారు. ఆ వేడిని ఎలా వేలం వేయాలో ఎవరికీ తోచక నీళ్ల హీటరును పక్కన పెట్టారు.

ఇక మిగిలింది డీజిలుది. అందులో చిన్నది, నడిపిది, బస్సులకు బిగించే పెద్దది ఉన్నాయి. పరీక్షించి తీసుకోవాలన్నారు. చలి ప్రాంత పరిస్థితులు కల్పించడానికి సమావేశం హాల్లో ఏసీని ఆఖరి గీత దాకా తగ్గించి, పొగ గొట్టాలు కిటికీలోంచి బయటికి పెట్టి, ఒక్కో హీటర్నీ ఏసీ మీదికి వదిలారు. చిన్నదాన్ని ఏసీ గెలిచింది. నడిపిది కాసేపు పెనుగులాడి సమానమైంది. బస్సు హీటరు ఏసీని చిత్తుగా ఓడించింది. కమిటీ వారి చొక్కాలు ఒంటికి అతుక్కుపోయాయి. పైపుల సభ్యుడు తూలి గోడ పట్టుకున్నాడు. 'సభ్యులందరికీ సంతృప్తికరముగా చెమట పట్టినది' అని రాసుకుని సంతకాలు చేశారు. చెమట పడిన చోట సిరా పాకింది.

ముప్పై మందిని మోసే బస్సుకి సరిపడే హీటరు, ఆరుగురు కూర్చునే బండికి, తలుపులు లేకుండా. అమ్మాను. గిరాకీ నోట్లో మాట తిప్పేవాడు కొట్టు మూసుకోవాలి.

మార్గశిరంలో బొడ్డమెట్టలో ప్రారంభోత్సవం చేశారు. పొద్దున్నే మంచు కమ్మేసి సంత మైదానంలో మనిషికి మనిషి కనబడటం లేదు. కప్పబండి ఇటు గొట్టానికీ అటు గొట్టానికీ రిబ్బను కట్టారు. పరాంకుశం గారు కత్తిరించి ముందు సీట్లో కూర్చున్నారు. సన్యాసిదొర హీటరు మీట తిప్పాడు. అది బస్సులా గర్జించింది. బండి కదిలింది. ముందు కూర్చున్న ఈ.ఓ. గారికి మోకాళ్లు కాలాయి, ముక్కు గడ్డకట్టింది. వెనక సీట్లో సుభాషిణికి చప్పుడు మాత్రం వినబడింది, వేడి అందలేదు. పుట్టిన వేడి పుట్టినట్టే పక్కనుంచి దిగి కొండల్లోకి పోయింది.

బండి ఆపారు. ఆపాక అసలు సంగతి మొదలైంది. చుట్టుపక్కల నేల వెచ్చబడింది. ముందు కోళ్లొచ్చాయి. తర్వాత కుక్కలు. ఆ తర్వాత ముసలీ ముతకా వచ్చి చేతులు చాపుకుని బండి చుట్టూ నిలబడ్డారు. ప్రజాస్పందన అమోఘమని పరాంకుశం గారు ఆనందించారు. తారకేశ్వరి మేడమ్ ఆనందించలేదు.

"ప్రభుత్వ డీజిలుతో పుట్టిన వేడి ప్రభుత్వానిదేనండీ. అది అర్హత లేనివాళ్ల పాలవుతోంది. వాళ్ల దగ్గర వసూలైనా చెయ్యండి, పథకమైనా పెట్టండి."

కోళ్ల దగ్గర వసూలు కుదరదు కాబట్టి పథకం పెట్టారు. పేరు 'ప్రజా ఉష్ణ సేవ'. రోజూ పొద్దున్నే కప్పబండి మైదానంలో కదలకుండా నిలబడాలి. లబ్ధిదారులు వరసలో వచ్చి, వేలిముద్ర వేసి, వెచ్చబడి వెళ్లాలి. ఎవరు అర్హులనే ప్రశ్న వచ్చింది. వేరే ఏ విధమైన ఉష్ణ వనరూ లేనివారే అర్హులని పరాంకుశం గారు నిర్ణయించారు. దాంతో సిబ్బంది ఇంటింటికీ తిరిగి పొయ్యిల్లో చెయ్యి పెట్టి చూడటం మొదలుపెట్టారు. పొయ్యి వెచ్చగా తగిలిన ఇంటివాళ్ల పేరు కొట్టేశారు. పథకంలో చేరకపోతే రేపు ఇంకో పథకంలో కూడా పేరు ఉండదని ఊళ్లో పుకారు పుట్టింది. గెమ్మెలి దాసన్న అనే పెద్దాయన, రాత్రీ పగలూ ఇంట్లో దుంగ రాజేసుకుని హాయిగా ఉండేవాడు, ఆ దుంగ మీద బిందెడు నీళ్లు పోసి వచ్చి వణుకుతూ వరసలో నిలబడ్డాడు.

"పొయ్యి ఆరిపితేగాని ఎచ్చగుండనివ్వరంట, షావుకారూ" అన్నాడు నాతో. ఆ మాటలో ఎగతాళి ఉందో లేదో చలికి కొట్టుకుంటున్న పళ్లమధ్య నాకు తెలియలేదు.

బండి అలా నిలబడిపోవడంతో తిరగాల్సిన ఊళ్లకి తిరగడం మానేసింది. జ్వరపడ్డ వాళ్లని మళ్లీ డోలీ కట్టి మోసుకొచ్చారు. సుభాషిణి వెళ్లి అడిగితే, లబ్ధిదారుల లక్ష్యం పూర్తికానిదే వాహనం కదల్చరాదన్నారు. ఆ పిల్ల ఘాటీ నడిచి దిగి, నర్సీపట్నం వెళ్లే జీపు పట్టుకుని తిన్నగా నా కొట్టుకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీరమ్మిన హీటరు కోళ్లకి బాగా పనికొస్తోంది, శెట్టిగారూ" అంది.

తలుపుల సంగతి ఆనాడే చెప్పానన్నాను. చెప్పారట, ఒక్కసారి చెప్పి డబ్బు లెక్కపెట్టుకున్నారట అంది. తర్వాత గొంతు తగ్గించింది.

"రాజ్యానికి మళ్లీ నెలలు. మాఘంలో రోజులు. ఈ బిడ్డ కూడా చలికి పోతే నేను సన్యాసిదొర మొహం చూడలేను. ఆయన నన్నేమీ అనడు. అదే నా బాధ. ఏదో ఒకటి చెయ్యండి."

పాత జీపులకి రెగ్జిను తెరలుండేవి. మందపాటి రెగ్జిను, కనబడటానికి మధ్యలో ప్లాస్టిక్కు కిటికీ, అంచున జిప్పు. వానాకాలంలో దించుకునేవాళ్లు, ఎండాకాలంలో చుట్టి పైన కట్టేవాళ్లు. తలుపు కాదు. తలుపు చేసే పని మాత్రం చేస్తుంది. మర్నాడే పరాంకుశం గారి దగ్గరికి వెళ్లి, తలుపు గాని తలుపొకటి ఉందని చెప్పాను.

ఆయనకి నచ్చింది. ఆయనకీ మోకాళ్లు కాలుతున్నాయి, ముక్కు గడ్డకడుతోంది. అయితే తెరలు ఏ పద్దు కింద కొనాలి? పనిముట్టుకి తెర ఏమిటి, గునపానికి ముసుగేసినట్టు? వెతగ్గా వెతగ్గా 'కార్యాలయములకు కర్టెన్లు' అనే పద్దు కనబడింది. అందులో నిధులున్నాయి, ఖర్చు కాక మురిగిపోతున్నాయి. కానీ కర్టెన్లు కార్యాలయాలకే.

పరాంకుశం గారు పద్దుల పుస్తకం మూసేశారు. "అట్లయిన సదరు పనిముట్టును కార్యాలయముగా ప్రకటించుటకు ఎట్టి నిషేధమూ కానరాదు" అన్నారు.

అలా కప్పబండి 'బొడ్డమెట్ట క్షేత్ర కార్యాలయం' అయ్యింది. టాపుకి బోర్డు వేలాడదీశారు. లోపల హాజరు పట్టీ, గోడగడియారం, బల్లగంట, ఫిర్యాదుల పెట్టె పెట్టారు. గోడ లేదు కాబట్టి గడియారాన్ని స్టీరింగుకి కట్టారు. నేను తెరలు కుట్టించి బిగించాను. హీటరు బస్సుది, తెరలు మందంవి. మీట సగానికి తిప్పితే చాలు, లోపల కుంపటి మీద గిన్నెలా అయిపోయేది. పరాంకుశం గారు ఒకరోజు పరిశీలనకని వచ్చి లోపల కూర్చున్నారు. ఇక దిగలేదు. ఉష్ణ సేవ లబ్ధిదారులు తెర బయటే వేలిముద్ర వేసి వెళ్లేవాళ్లు. కొండలన్నిటిలోకీ వెచ్చనైన ఆఫీసు అదే. ఫైళ్లన్నీ తెప్పించుకుని డ్రైవరు సీట్లో పేర్పించారు. సన్యాసిదొరకి బయట ఒక స్టూలు వేశారు. గంట మోగితే టీ తెచ్చివ్వడం అతని పని.

సుభాషిణి వచ్చి తెర జరిపి, ఇప్పుడు మూత ఉంది కదా, వేడీ ఉంది కదా, బండి ఇవ్వండి అని అడిగింది. కార్యాలయం తరలింపు అంటే రాజధాని నుంచి జీవో రావాలమ్మా అని ఆయన మర్యాదగానే చెప్పి తెర వేసుకున్నారు.

తరలింపు అన్న మాట బయట స్టూలు దగ్గర టీ తాగుతున్న ఎవరి చెవిలోనో పడింది. సాయంత్రానికి ఊరంతా పాకింది. బొడ్డమెట్ట ఆఫీసు సుంకరిగెడ్డకి తరలిస్తున్నారట అని. సుంకరిగెడ్డ వాగు అవతలి ఊరు. వాళ్లకి అప్పటిదాకా ఆ ఊహ లేదు. ఈ మాట వినగానే వచ్చింది. రాత్రికి రాత్రే కార్యాలయ సాధన సమితి పెట్టుకున్నారు. తెల్లారేసరికి బొడ్డమెట్టలో కార్యాలయ పరిరక్షణ సమితి వెలిసింది. కప్పబండి ముందు టైరు దగ్గర టెంటు వేసి, రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టారు. దాసన్న అధ్యక్షుడు. ఎలాగూ పొయ్యి ఆర్పేశాను కాబట్టి వంటలేదు, దీక్షలో కూర్చుంటే దండలైనా వేస్తారన్నాడు. ఆ ఆఫీసు చేసే పనేమిటో దీక్షలో ఉన్నవాళ్లకి తెలియదు. లోపలున్న ఆయనకీ తెలియదు. ఆఫీసు వచ్చి బాగుపడిన ఊరిని ఎవరూ చూడలేదు గానీ, ఆఫీసు పోయి చెడిన ఊరి కథ అందరూ విన్నారు. బండి కదలకుండా చక్రాల చుట్టూ సున్నంతో గీత గీసి, వంతులవారీగా కాపలా కాశారు.

పుష్యంలో ఒక మధ్యాహ్నం నేను తెరల పని మీద అక్కడికి వెళ్లాను. నా తెరలు అప్పటికింకా స్టాకు రిజిస్టర్లో ఎక్కలేదు. కర్టెన్లు కిటికీకి ఇన్ని అని లెక్క, ఈ ఆఫీసుకి కిటికీలు లేవు, కర్టెన్లలోనే కిటికీలున్నాయి. అదెలా రాయాలో తేల్చడానికి తారకేశ్వరి మేడమ్ రిజిస్టరు పట్టుకుని స్వయంగా వచ్చారు. లోపలున్న పరాంకుశం గారితో కలిపి ముగ్గురం బండి దగ్గర అదే మాట్లాడుకుంటున్నాం. అప్పుడు ఆరోగ్య కేంద్రం వైపు నుంచి సుభాషిణి పరుగెత్తుకుంటూ వచ్చింది.

తేనెలపుట్టు నుంచి రాజ్యాన్ని డోలీలో తెచ్చారట. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. బిడ్డ చిన్నది, తన దగ్గరున్న సామానుతో కుదరదు, ఘాటీ దించి ఆసుపత్రికి చేర్చాల్సిందే. బండి కావాలి, ఇప్పుడే కావాలి.

సన్యాసిదొర స్టూలు మీంచి లేచాడు. వెళ్లి, డ్రైవరు సీట్లో ఉన్న ఫైళ్లు తీసి ఈ.ఓ. గారి ఒళ్లో పెట్టాడు. స్టీరింగుకున్న గడియారం విప్పి ఫైళ్ల మీద పెట్టాడు. ఇంజను తిప్పాడు.

ఇంజను చప్పుడు వినగానే టెంటులోంచి జనం లేచారు. ఆఫీసు ఎత్తుకుపోతన్నార్రోయ్ అని ఎవడో కేకేశాడు. అంతే, దండలతో సహా చక్రాల ముందు అడ్డంగా పడుకున్నారు. సుభాషిణి వెళ్లి దాసన్న పక్కన నేలమీద కూర్చుంది.

"దాసన్న మావా, రాజ్యం నొప్పులు పడతంది. కిందటేడు సంగతి నీకు తెలీదా?"

దాసన్న లేచి కూర్చున్నాడు. అతని మొహంలో వేళాకోళం పోయింది. "తెలవకేటమ్మా. బండి తీస్కెళ్లు. నానే తోస్తాను. ఆఫీసు మాత్రం ఈడే ఒగ్గేసి ఎల్లు."

సమితి అంతా అదే మాట మీదికి వచ్చింది. బండికి అడ్డం లేదు, ఆఫీసుకే అడ్డం. పరాంకుశం గారు తెరలోంచి తల బయటపెట్టి, కార్యాలయము అవిభాజ్యమని సెలవిచ్చారు. నాకు ఒళ్లు మండింది. అయినా కోపం పెట్టుబడి పెడితే తిరిగి రాదు. అయ్యా, ఆఫీసంటే ఏమిటండీ, బోర్డు, పట్టీ, గంట, అధికారి, అంతేగా అన్నాను. ఆ నాలుగూ ఈ సున్నం గీత లోపల ఉంటే ఆఫీసు ఎక్కడికీ కదలనట్టేగా అన్నాను. ఆయన ఆలోచించేలోపే సమితి వాళ్లకి అర్థమైంది. తలో చెయ్యీ వేసి బోర్డు దించారు, పెట్టె దించారు, గంట దించారు. ఆఖరికి ఆయనకీ చెయ్యి అందించి, ఫైళ్లతో, గడియారంతో సహా, టెంటులోంచి తెచ్చిన కుర్చీలో కూర్చోబెట్టారు. కొండగాలికి ఆయన బట్టతల మీది నాలుగు వెంట్రుకలూ నిక్కబొడుచుకున్నాయి. "స్థానచలనము లేనంతవరకు అభ్యంతరము లేదు" అన్నారు, వణికిపోతూ.

అప్పటికి రాజ్యాన్ని మంచం మీద మోసుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టారు. సన్యాసిదొర గేరు వేయబోతున్నాడు. తారకేశ్వరి మేడమ్ చెయ్యి అడ్డం పెట్టారు.

"బండి వెళ్లొచ్చు. కర్టెన్లు కార్యాలయానికి మంజూరైనవి. కార్యాలయం ఇక్కడుంటే కర్టెన్లు అక్కడికి వెళ్లకూడదు. విప్పించండి."

నిజమేనన్నట్టు పరాంకుశం గారు కుర్చీలోంచి తలూపారు. ఆయనకి ఆ తెరలు తన చుట్టూ కట్టించుకోవాలని ఉన్నట్టుంది.

సన్యాసిదొర వెనక్కి తిరిగాడు. ఇన్నాళ్లలో అతను ఒక అధికారితో మాట్లాడటం నేను వినలేదు.

"అమ్మా, పోయినసారి నా సొక్కా సుట్టాను. సాలనేదు."

ఆవిడ చెయ్యి బండి మీదే ఉంది. తీయలేదు, కానీ వేళ్లు బిగువు తప్పాయి. ఆవిడ ఏదో నిబంధన కోసం లోపల వెతుక్కుంటున్నారని నాకు తోచింది. వ్యాపారికి ఎదుటివాడు ఎప్పుడు బేరానికి వస్తున్నాడో తెలుస్తుంది. ముందుకెళ్లాను.

"మేడమ్, ఈ తెరలు రిజిస్టర్లో ఎక్కాయా?"

"లేదు. ఇంకా తేల్లేదుగా."

"ఎక్కనంతవరకూ ఎవరివి?"

ఆవిడ నా వంక చూశారు. "సరఫరాదారువి."

"అయితే నావి. నా సరుకు నేను వెనక్కి తీసుకుపోతున్నాను. విప్పి మోసే ఓపిక లేదు, బండికి ఉన్నవి ఉన్నట్టే తీసుకుపోతాను."

తారకేశ్వరి మేడమ్ రిజిస్టరు మూసేశారు. "ప్రైవేటు ఆస్తి విషయంలో ఆడిట్‌కి మాట లేదు" అన్నారు. తర్వాత చెయ్యి తీసి, "త్వరగా వెళ్లండి" అన్నారు. ఆ రెండో మాట ఏ నిబంధనలోనూ లేదు.

సమితి అంతా వెనకనుంచి తోసింది. సరుకుతో పాటు నేనూ ఎక్కాల్సి వచ్చింది, మాట ఇచ్చాను కాబట్టి.

రెండో వాగు దాటుతుంటే ఎడమవైపు జిప్పు ఊడింది. గాలి కత్తిలా లోపలికి దూరింది. చవక జిప్పులు వేయించింది నేనే. చెయ్యి బయటికి పెట్టి తెర అంచు పట్టుకుని లాగి ఉంచాను. ఘాటీ సగం దిగేసరికి ఆ చెయ్యి నాదో పరాయిదో తెలియలేదు. లోపల మాత్రం హీటరు గర్జిస్తూనే ఉంది. సుభాషిణి నన్ను అటు తిరగమంది. తిరిగి, ప్లాస్టిక్కు కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నాను. సన్యాసిదొర దారి మీంచి కళ్లు తీయలేదు. ఒక మలుపులో బండి నెమ్మదించు అని సుభాషిణి అరిచింది. ఆ తర్వాత కాసేపు హీటరు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ కాసేపటికి లెక్క కట్టడం నాకు చేతకాలేదు. అప్పుడు పిల్లి కూనలాంటి ఏడుపొకటి వినిపించింది.

గుప్పెడంత పిల్ల. తల్లి రొమ్ము మీద పెట్టి పైన దుప్పటి కప్పారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట పాదాలు పట్టుకుని చూసింది. వెచ్చగానే ఉంది అంది. సన్యాసిదొర అప్పుడు వెళ్లి హీటరు ఆపాడు.

బొడ్డమెట్ట క్షేత్ర కార్యాలయం సున్నం గీత లోపలే ఉండిపోయింది. దాన్ని మళ్లీ బండెక్కించడం కూడా తరలింపే అవుతుంది. దానికి జీవో కావాలి, సమితి ఒప్పుకోవాలి. పరాంకుశం గారు మఫ్లరు చుట్టుకుని, ఎగిరే కాగితాల మీద రాళ్లు పెట్టుకుని ఆరుబయట కూర్చుంటున్నారు. ఉష్ణ సేవకి బండి లేక పథకం ఆగింది, ఊళ్లో పొయ్యిలు మళ్లీ రాజుకున్నాయి. గోడలు లేని కార్యాలయమునకు తగిన హీటరు సూచించవలసిందని నాకు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. గోడల సంగతి ఒకసారి రాశాను. రెండోసారి రాయలేదు. పెద్దదే కావాలన్నారు, పంపించాను.

ఫాల్గుణంలో సన్యాసిదొర కప్పబండి మా కొట్టు ముందు ఆపాడు. ఆఫీసు దిగిపోయాక అది మళ్లీ పనిముట్టు అయ్యింది కాబట్టి, పని ఉన్న చోటికల్లా పోతోందట. చలి తగ్గేలోపు ఇంకో ముగ్గురు తల్లుల్ని దించాడట. మనవరాలి పేరు అడిగితే ఇంకా పెట్టలేదు, గట్టిపడనీ అన్నాడు. ఎడమవైపు తెర తాడుతో కట్టి ఉంది. జిప్పు వేయమన్నాడు. తెరల బిల్లు ఇంకా రాలేదేమని ఆఫీసు వాళ్లు అడుగుతున్నారని కూడా చెప్పాడు.

ఈసారి ఇత్తడి జిప్పు వేయించాను. పైకీ కిందికీ లాగి చూసుకున్నాను, ఎక్కడా పట్టలేదు. బిల్లు మాత్రం పంపలేదు. పంపితే అవి మళ్లీ కర్టెన్లయిపోతాయి.